ముప్పైయెనిమిది బుడగలు

"టీలో పంచదార ఎంత వెయ్యాలో మీ మామగారిని అడుగమ్మా."

"మీరే అడగండి అత్తయ్యా. నేనడిగితే ఆయనకి వినపడటం లేదు కదా."

"వినపడకేం, బ్రహ్మాండంగా వినపడుతోంది," అన్నారు మాస్టారు గోడ గడియారం వైపు చూస్తూ. "ఒక చెంచా."

పెద్దావిడ నిట్టూర్చి ఒక చెంచా వేసింది. మూడు రోజులుగా ఆ ఇంట్లో మామకీ కోడలికీ మధ్య మాటలన్నీ ఆవిడ మీదుగానే నడుస్తున్నాయి. ఈ వయసులో తనకి టపా బంట్రోతు ఉద్యోగం రాసిపెట్టి ఉందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. ఉన్న ఒక్క కొడుకూ సర్వే పని మీద పదిహేను రోజులు పొరుగూరు వెళ్లి కూర్చున్నాడు. అదృష్టవంతుడు.

రావణకాష్ఠం లాంటి ఈ గొడవ ఒక్క మాట దగ్గర అంటుకుంది. కాలేజీలో జీవశాస్త్రం ప్రయోగశాలని మాస్టారు ఇరవయ్యారేళ్లు నడిపి కిందటేడు రిటైరయ్యారు. ఏ ప్రయోగం ఎలా చెయ్యాలో, చివరికి ఏం రావాలో వరసగా చెప్పే ప్రాక్టికల్సు పుస్తకం ఆయన రాసిందే. అక్కడ డిగ్రీ చదివిన ప్రతివాడి సంచిలోనూ అది ఉండి తీరేది. ఆయన కుర్చీలోకి వచ్చింది ఎవరో కాదు, సాక్షాత్తూ ఆయన కోడలే. వచ్చీ రాగానే ఆ పుస్తకాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. ప్రశ్న మీరే వేసుకోండి, దానికి తగ్గ ప్రయోగం మీరే ఆలోచించండి, అనుకున్నది రాకపోతే ఎందుకు రాలేదో మీరే వెతకండి అని పిల్లలకి చెప్పింది.

అంతవరకూ మాస్టారు దిగమింగుకున్నారు. ఆదివారం భోజనాల దగ్గర మాత్రం మింగుడు పడలేదు. పిల్లలెవరో స్టోరు గది తవ్వి ఇరవయ్యారేళ్ల రికార్డు పుస్తకాలు బయటికి లాగారట. నీటిమొక్కని సీసాలో వేసి ఎండలో పెడితే నిమిషానికెన్ని గాలిబుడగలు వదులుతుందో లెక్కపెట్టే ప్రయోగం ఒకటుంది. అందరి రికార్డుల్లోనూ అదే అంకె. ముప్పైయెనిమిది.

"ఇరవయ్యారేళ్లూ ఆ మొక్క చేతికి గడియారం కట్టుకుని బుడగలు వదిలిందా మామయ్యగారూ?" అని కోడలు నవ్వింది.

నవ్వులాటకే అంది పాపం. ఆయన సగం తిన్న పళ్లెం ముందు నుంచి లేచిపోయారు. కాలేజీలో పిల్లలు తనని 'ముప్పైయెనిమిది మాస్టారు' అని పిలుస్తారని ఆయనకి ఎప్పటినుంచో తెలుసు. అది గౌరవమనే ఇన్నాళ్లూ అనుకున్నారు.

"రేపు పదింటికే కదమ్మా కమిటీ?" పెద్దావిడ కోడలికి కప్పు అందిస్తూ అడిగింది.

"అవునత్తయ్యా. ప్రిన్సిపాలుగారూ, ఇంకో ఇద్దరూ. ఆ బుడగల ప్రయోగమే వాళ్ల కళ్లముందు జరగాలట. బుడగలు రాకపోతే సోమవారం నుంచి పాత పుస్తకమే. నా పద్ధతికి ఇక సెలవు."

"ఇంతకీ వస్తున్నాయా?"

"మూడు వారాల్నుంచి మొక్క ఉలకట్లేదు, పలకట్లేదు."

మాస్టారి చేతిలో కప్పు పెదాల దాకా వెళ్లి ఆగింది.

"ఎందుకు రావట్లేదో నీక్కూడా తెలీదా?" అంది పెద్దావిడ.

"నాకెందుకు తెలీదూ. తెలుసు."

"తెలిస్తే పిల్లలకి చెప్పెయ్యొచ్చుగా! మూడు వారాలు వాళ్లని ఏడిపించడం దేనికి?"

"చెప్తే ఆ జవాబు నాదవుతుంది అత్తయ్యా. వాళ్లదవదు. ఇంచుమించు దగ్గరికి వచ్చేశారు. రేపు కమిటీ ముందే ఒకటి చేసి చూస్తామంటున్నారు. వస్తే వస్తుంది, లేకపోతే లేదు."

మాస్టారు కప్పు ఠపీమని బల్ల మీద పెట్టారు. "లేకపోతే లేదా? ముక్కూ మొహం తెలీని వాళ్ల ముందు నిలబెట్టి పిల్లల పరువు తీస్తుందా? అడుగు మీ కోడల్ని!"

"ఫలితం రాకపోతే పరువు పోదని చెప్పండి అత్తయ్యా. రాని ఫలితాన్ని వచ్చినట్టు రాసుకుంటేనే పోతుందని చెప్పండి."

"నేను చెప్పను," అంది పెద్దావిడ. "అంత పొడుగు మాట నాకు గుర్తుండదు."

కోడలు ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. చాలాసేపు నీళ్లు పోతూనే ఉన్నాయి గానీ గిన్నె కడుగుతున్న అలికిడి మాత్రం లేదు. మాస్టారు మెడ సాచి చూశారు. కోడలు గోడవైపు తిరిగి నిలబడి ఉంది. భుజాలు కదులుతున్నాయి.

ఆయన గబుక్కున మెడ వెనక్కి తీసుకున్నారు.

కోపం ఎంతున్నా, ఆ పిల్ల ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచీ ఆయనకి కూతురు లేని లోటు తెలియలేదు. అది నిజం. ఆ నిజాన్ని ఆయన ఎవరి దగ్గరా పైకి అనలేదు. అది కూడా నిజమే.

పైగా నిన్న సాయంత్రం ప్రిన్సిపాలు ఫోను చేశాడు. ఒకప్పుడు ఆయన శిష్యుడే. "మాస్టారూ, మీ ముప్పైయెనిమిదే నాకు ఆ ఏడు ఫస్టు మార్కు తెచ్చిపెట్టింది. ఎల్లుండి మీరు కూడా వచ్చి కమిటీ పక్కన కూర్చోండి. ఆ బుడగలు ఎలాగూ రావు, మీ పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేయిస్తాను," అన్నాడు. అప్పటికి మాస్టారికి ఒళ్లు పొంగింది. ఇప్పుడు ఆ మాటే గుర్తొస్తే సిగ్గేసింది. కోడలి ఓటమి మీద తన పుస్తకం అచ్చు కావాలన్నమాట. అడకత్తెరలో పోకచెక్క అయిపోయారు పెద్దమనిషి.

ఎందుకంటే ఆ బుడగలు ఎందుకు రావట్లేదో ఆయనకీ తెలుసు. అందరికంటే ముందు నుంచీ తెలుసు.

ఆయన చేరిన మొదటి ఏడాది సంగతి. అప్పటి పెద్ద ప్రొఫెసరు ఇదే ప్రయోగాన్ని తనిఖీవాళ్లకి చూపిస్తున్నాడు. మొక్క ఉంది, నీళ్లున్నాయి, ఎండ ఉంది, బుడగ లేదు. ప్రొఫెసరుకి చెమటలు పోస్తున్నాయి. మొక్క పీల్చుకోవాల్సిన గాలి ఆ నీళ్లలో చాలడం లేదనీ, చిటికెడు వంటసోడా పడితే ఆ లోటు తీరుతుందనీ కుర్ర మాస్టారికి తట్టింది. అందరికీ వీపు పెట్టి, సీసా సర్దుతున్నట్టు నటించి, చిటికెడు వేసేశారు. కాసేపటికి బుడగలు జలజలా లేచాయి. లెక్కపెడితే ముప్పైయెనిమిది. ప్రొఫెసరు ఆయన వీపు తట్టాడే గానీ ఎలా వచ్చాయని అడగలేదు.

అది మొదలు ప్రతి ఏడూ ఆ ప్రాక్టికల్ రోజున మాస్టారు పొద్దున్న ఆరున్నరకే ప్రయోగశాలకి వెళ్లేవారు. సీసాకి చిటికెడు. తర్వాత పుస్తకం రాసినప్పుడు ఆ ఒక్క ముక్కా రాయలేదు. మొదట్లో రాయడానికి మొహమాటం, తర్వాత్తర్వాత రాయడానికి భయం. పిల్లలకి బుడగలు ఏ రోజు ఎన్ని వచ్చినా, పుస్తకంలో ఉన్న అంకే రికార్డుల్లోకి ఎక్కింది. మార్కులు కూడా దానికే పడ్డాయి మరి.

* * *

తెల్లవారి ఆరింటికి వంటింట్లో డబ్బా మూత చప్పుడైతే పెద్దావిడ లేచి వచ్చింది. మాస్టారు కాగితంలో తెల్లటి పొడి పొట్లం కడుతున్నారు.

"ఏంటండీ ఇంత పొద్దున్నే డబ్బాల్లో చెయ్యి?"

ఆయన ఉలిక్కిపడ్డారు. "కడుపుబ్బరంగా ఉంది. కాస్త వంటసోడా."

"కాస్తంటే? పొట్లం నిండా ఉంది!"

"దారిలో వేసుకుంటాను."

"మోతాదు చూసుకుని వేసుకోండి."

"నాకు అలవాటేలే," అని చెప్పులేసుకుని బయటపడ్డారు. ఆ ఒక్క మాటా అబద్ధం కాదు.

ప్రయోగశాల తలుపు తీసిన అటెండరు ఆయన్ని చూసి చేతులు నలుపుకున్నాడు. "మేడం ఏదీ ముట్టుకోవద్దన్నారు సార్."

"నేను ముట్టుకుంటే ముట్టుకున్నట్టు కాదయ్యా," అన్నారు మాస్టారు. ఇరవయ్యారేళ్ల అలవాటు, అటెండరు పక్కకి తప్పుకున్నాడు.

కిటికీ పక్కన బల్ల మీద ఆరు గాజు సీసాలు వరసగా ఉన్నాయి. ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు అంటించారు. ఒక్కోదాంట్లో ఒక్కో నీటిమొక్క కొమ్మ తలకిందులుగా వేలాడుతోంది. పక్కనే జ్యూసు తాగే గొట్టాలు మూడు, శుభ్రంగా కాగితంలో చుట్టి ఉన్నాయి.

"ప్రయోగశాలలో జ్యూసులా! హవ్వ!" అంటూ మాస్టారు వాటిని తీసి మూల సొరుగులో పడేశారు. "ఇదీ కొత్త పద్ధతి!"

తర్వాత పొట్లం విప్పారు. వేళ్లు మోతాదు మరిచిపోలేదు. ఒకటో సీసా, రెండో సీసా, మూడు. రిటైరైన దగ్గర్నుంచి ఆయనకి ఇంత హాయిగా ఎప్పుడూ లేదు. కమిటీ వస్తుంది, బుడగలు చూస్తుంది, కోడలి పద్ధతి నిలబడుతుంది. ఎలా నిలబడిందో ఎవరికీ తెలియక్కర్లేదు. తన పుస్తకం బీరువాలోనే ఉంటుంది, ఉండనీ. నాలుగు, అయిదు, ఆరు. పొట్లం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

* * *

పదింటికి కిటికీలోంచి ఎండ నేరుగా బల్ల మీద పడుతోంది. ప్రిన్సిపాలు, కమిటీ వాళ్లిద్దరూ ముందు కుర్చీల్లో కూర్చున్నారు. మాస్టారికి వాళ్ల పక్కనే కుర్చీ వేశారు. కోడలు ఆయన వైపు ఒకసారి చూసింది, ఎందుకొచ్చారన్నట్టు. అంతే, మళ్లీ చూడలేదు. ఆమె వెనక గోడకి పిల్లలు గీసిన పెద్ద చార్టు ఉంది. ఇరవయ్యారు గీతలు, అన్నీ ఒకే ఎత్తు. ఒక్కో గీత మీదా ముప్పైయెనిమిది అని రాసి ఉంది.

"ఎవరండీ రావట్లేదన్నది?" ప్రిన్సిపాలు ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచాడు. "ఇవేంటి మరి?"

ఆరు సీసాల్లోనూ కొమ్మల చివర్ల నుంచి బుడగలు ఒకదాని వెనక ఒకటి తీరిగ్గా పైకి వెళుతున్నాయి. కమిటీలో ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. ప్రిన్సిపాలు గడియారం చూసుకుంటూ ఒకటో సీసాలోవి నిమిషం పాటు లెక్కపెట్టాడు.

"ముప్పైయెనిమిది! సరిగ్గా!"

మాస్టారు కూడా అవే లెక్కపెట్టారు. ఆయన కంటికి ముప్పైయొకటే వచ్చాయి.

"ఆగండి సార్," అంది ఒక పిల్ల వెనక నుంచి ముందుకొచ్చి. ఆ పిల్లని క్లాసంతా ఎందుకమ్మ అంటారు. ఆ చార్టు గీసింది కూడా తనే. మొహంలో సంతోషం లేకపోగా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "మేమింకా ఊదలేదు సార్."

"ఊదడమేంటమ్మా?"

"మనం వదిలే ఊపిరిలో మొక్కకి కావలసిన గాలి ఉంటుంది కదా అనుకున్నాం. మూడు సీసాల్లోకి గొట్టాలతో ఊదుదామనీ, మూడింటిని అలాగే వదిలేద్దామనీ మా ప్లాను. ఊదిన వాటిల్లో వచ్చి, ఊదని వాటిల్లో రాకపోతే మేం అనుకున్నది నిజమన్నట్టు. ఊదకముందే ఆరూ వదిలేస్తుంటే ఇంక మేం దేన్ని దేనితో పోల్చాలి? మా గొట్టాలు కూడా కనపడట్లేదు."

అటెండరు పైకప్పు వైపు చూశాడు.

మాస్టారి చూపు మూల సొరుగు మీదకి వెళ్లింది. జ్యూసు గొట్టాలు కావవి. ఆ పిల్లలు మూడు వారాలు కిందా మీదా పడి, ఎవరూ చెప్పకుండా, సరిగ్గా జవాబు గుమ్మం దాకా వచ్చారు. ఆయన పొద్దున్నే వెళ్లి ఆ తలుపు మూసి వచ్చారు.

"బుడగలు వచ్చాయి, అది కదా కావలసింది!" అన్నాడు ప్రిన్సిపాలు. "ఎందుకొస్తే ఏం?"

"నిన్న రానివి ఇవాళ ఎందుకొచ్చాయో తెలీకపోతే రానట్టే సార్."

"నీకు ఆ పేరు ఊరికే పెట్టలేదమ్మా," అని ప్రిన్సిపాలు నవ్వి, కాగితం ముందుకు లాక్కుని కలం తీశాడు. "మేడం, మీరు గెలిచారు. మీ పద్ధతి కొనసాగించవచ్చని సంతకం పెట్టేస్తున్నాను. మాకు అభ్యంతరం లేదు. మీకు లేదు కదా?"

కోడలి కళ్లు సీసాల మీద నుంచి మెల్లగా కదిలి మాస్టారి జేబు మీద ఆగాయి. జేబు అంచుకి సన్నగా తెల్లటి పొడి అంటి ఉంది.

"మామయ్యగారూ," అంది. మూడు రోజుల తర్వాత నేరుగా ఆయనతో అన్న మొదటి మాట. "కడుపెలా ఉంది? వంటసోడా పట్టుకెళ్లారని అత్తయ్య కంగారు పడుతున్నారు."

మాస్టారు తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయారు.

"ఫరవాలేదమ్మా," అన్నారు ఎలాగో.

ఇప్పుడు బయటపెడుతుంది అనుకున్నారు. పెట్టలేదు. ఆమె పిల్లల వైపు తిరిగింది.

"అనుకోనిది జరిగితే ఏం చెయ్యాలనుకున్నాం?"

"నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో రాయాలి మేడం," అంది ఎందుకమ్మ.

"రాయి మరి."

"ఏం మారిందో తెలీదు కదా మేడం."

"తెలిసేదాకా ఆగు," అంది కోడలు. ప్రిన్సిపాలుతో తనకి అభ్యంతరం ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు. చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె మొహం పాలిపోయి ఉంది. ఆ సంతకం పడితే ఆమె ఏడాది కష్టం నిలబడుతుంది. మాస్టారు నోరు విప్పితే కమిటీ ముందు ఒక్క బుడగా మిగలదు. అది ఆమెకీ తెలుసు, ఆయనకీ తెలుసు.

చెప్తే ఆ జవాబు నాదవుతుంది అని నిన్న వంటింటి ముందు అన్న మాట ఆయన చెవిలో తిరిగింది. ఓహో, నన్ను కూడా నీ పిల్లల వరసలోనే నిలబెట్టావన్నమాట, అనుకున్నారు. విచిత్రం, కోపం రాలేదు.

ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచారు.

"రాసుకో తల్లీ," అన్నారు ఎందుకమ్మతో. "ఇవాళ పొద్దున్న ఆరున్నర. ఆరు సీసాలు. సీసాకి చిటికెడు వంటసోడా. వేసింది నేను. మీ గొట్టాలు ఆ మూల సొరుగులో ఉన్నాయి, జ్యూసువి అనుకున్నాను."

ప్రిన్సిపాలు కలం కాగితానికి అంగుళం పైన ఆగిపోయింది.

"మాస్టారూ, మీరు కూర్చోండి. ఎండ తగిలినట్టుంది," అన్నాడు కంగారుగా.

"ఎండ కాదయ్యా. ఒళ్లు తెలిసే చెప్తున్నాను."

కోడలు పెదవి బిగబట్టింది. కళ్లు నిండిపోయాయి గానీ తుడుచుకోలేదు. "మామయ్యగారికి మంచినీళ్లివ్వండి," అంది అటెండరుతో. ఈసారి మధ్యలో అత్తయ్య లేదు.

ఎందుకమ్మ నోటుపుస్తకం మీదకి వంగి ఒక్కొక్క ముక్కా పొల్లుపోకుండా రాసుకుంది. వేళ రాసింది, మోతాదు రాసింది, వేసినవారు అన్నచోట మాస్టారు అని రాసింది. వెటకారం లేదు, నవ్వు లేదు. మూడు వారాలుగా దొరకనిది దొరికిన పిల్లలా రాసుకుంది. రాయడం అయిపోయాక తల ఎత్తింది. గోడ మీద తను గీసిన చార్టు కనిపించింది. ఒకే ఎత్తున ఇరవయ్యారు గీతలు. వాటిని చివరిదాకా చూసి, మళ్లీ ఆయన వైపు చూసింది.

"సార్," అంది మెల్లగా, మామూలుగా ఏ సందేహమైనా అడిగినట్టే. "ఇవాళ ఒక్కరోజేనా?"

ప్రిన్సిపాలు కలానికి మూత పెట్టి, తనూ ఆ జవాబు కోసం మాస్టారి వైపు తిరిగాడు.